పదికి మూడు

జూలై 6, ఆదివారం

ఇవాళ నా బతుక్కి నేనే మార్కులు వేసుకున్నాను. పదికి ఎనిమిది.

డయానా వచ్చింది. మా వరసలో చివరి క్వార్టరు జ్ఞానరత్నం ఆంటీ కూతురు. నార్వేలో రెండేళ్ళు చదువుకొని వచ్చి, ఇప్పుడేదో సర్వేలో పని చేస్తోంది. ముప్ఫై దేశాల్లో ఇవే ప్రశ్నలు అడుగుతారట. మా రైల్వే కాలనీ ట్రాఫిక్ సెటిల్‌మెంట్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ తనకి అప్పజెప్పినారట.

"నీ బతుకు నీ ఇష్టప్రకారం నడుపుకొనే స్వేచ్ఛ నీకెంత ఉందనుకుంటున్నావక్కా? ఒకటి నుంచి పది లోపల చెప్పు" అంది.

ఎనిమిది అన్నాను. ఎందుకు కాదు? రైల్వే వర్క్‌షాప్‌లో ఉద్యోగం నాది. ఈ క్వార్టరు నా పేరు మీద ఉంది. ముప్ఫై ఒకటి దాటినా పెళ్ళి వద్దంటే వద్దన్నాను, ఎవరూ మెడలు వంచలేదు. అమ్మ రోజూ గొణిగే గొణుగుడికి రెండు తీసేసినాను.

"నార్వేలో ఎంత చెప్తారు?" అనడిగినాను.

"నాకు తెలిసినవాళ్ళు ఎనిమిదో తొమ్మిదో అనేవారు."

"అంత సుఖపడిపోతారేటి?"

"ఏమోనక్కా. నాకు జ్వరమొస్తే మూడు రోజులు ఎవరూ తలుపు కొట్టలేదు. ఏడ్చేసినాను కూడా. కానీ అక్కడ ఒక్కత్తీ ఉండడం తప్పు కాదు. ఇక్కడ తప్పు. అంతే తేడా."

అమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతూ అంది, "మంచినీళ్ళిచ్చే దిక్కు నేని దేశమేటి దేశమే తల్లీ."

తరవాత వదినని అడిగింది. విడిగా అడగాలని రూలట. అన్నయ్య మంచం మీద నుంచి లేవలేదు. "నేనేటి దొంగనా? నా ముందే అడుగు" అని నవ్వినాడు. వదిన చేతులు కొంగుకి తుడుచుకుంది. చాలాసేపు ఆలోచించింది. అంత ఆలోచించాల్సిన ప్రశ్నేటి అది?

"మూడు" అంది.

అన్నయ్య ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. డయానా ఫోన్లో అంకె నొక్కుకొని, టీ తాగి, వెళ్ళిపోయింది.

దీపాలు పెట్టే వేళకి అన్నయ్య తను తోలే బ్యాటరీ రిక్షా, టోటో చార్జింగ్ వైరు తెచ్చినాడు. "మూడు నీకున్నాయి. మిగతా ఏడూ నేను మింగేసినానా? ఇదిగో, తీసుకో" అన్నాడు. ఏడు కొట్టినాడు. ఒకటీ, రెండూ అని పైకి లెక్కపెడుతూ.

నేను మిక్సీ వేసినాను. కొబ్బరి పచ్చడి మెత్తగా ఉంటేనే అమ్మ తింటుంది.

జూలై 7, సోమవారం

వదిన పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంది. ఈ ఉక్కలో.

జూలై 13, ఆదివారం

వర్క్‌షాప్‌లో ఎవరో అడిగినారు, మీ ఇంట్లోంచి కేకలొస్తాయట కదా అని. టీవీ అన్నాను.

అన్నయ్య మంచోడే. అమ్మ బీపీ మాత్రలు ఒక్క రోజు మరిచిపోడు. నాన్న ఆఖరి నెలలో ఆసుపత్రి మెట్లన్నీ వీపు మీద ఎక్కించినాడు. నాన్న సర్వీసులో ఉండగానే పోతే ఆ ఉద్యోగం ఇంట్లో ఒకరికి రావాలి. అన్నయ్య పదో తరగతి తప్పినాడు. నాకు ఐటీఐ ఉంది. ఆరేళ్ళ కిందట అమ్మే నా పేరు రాయించింది. ఆ రోజు నుంచి అన్నయ్యకి లోపల కాలుతూనే ఉంది. స్టేషన్ నుంచి టోటో తోలుకుంటా, మా వర్క్‌షాప్ గేటు ముందు నుంచే రోజుకి పదిసార్లు పోవాలి. మగోడికి ఎంత కష్టం? నేను అర్థం చేసుకోగలను.

నన్నెప్పుడూ కొట్టలేదు. చిన్నప్పటివి లెక్క కాదు.

వదినది ప్రేమ పెళ్ళి. గోల్‌బజార్‌లో వాళ్ళ నాన్నకి కిరాణా కొట్టు. ఎనిమిదేళ్ళ కిందట, కట్టుబట్టలతో వచ్చి న్యూ సెటిల్‌మెంట్ గుళ్ళో మా అన్నయ్య చేత తాళి కట్టించుకుంది. కన్యకాంబ అనే కూతురు నాకు లేదు అన్నాడు వాళ్ళ నాన్న. కాలనీ అంతా ఇప్పుడు అంటున్నది ఒకటే: తన ఇష్టమే కదా, తనే అనుభవించాలి.

నేనూ అదే అంటాను. ఎవరి బతుకు వాళ్ళది.

జూలై 24, గురువారం

డ్యూటీ నుంచి వచ్చేసరికి వదిన నా యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. అన్నయ్య లేడు. అమ్మ గుడికి పోయింది. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి అడిగింది.

"కళ్యాణీ, ఈ ఇల్లు నీది. ఆయన్ని బయటికి పొమ్మని నువ్వు ఒక్క మాటంటే చాలు."

"మొగుడూపెళ్ళాల మధ్యకి నేనెందుకొస్తాను వదినా?"

"మధ్యకి రావద్దు. ఇల్లు నీదని చెప్పు, చాలు."

"ఎవరి బతుకు వాళ్ళది."

"అవును. నీ బతుకు నీదే. పొద్దున్నే నీ క్యారేజీ కట్టేది నేను. నీ బట్టలుతికేది నేను. రాత్రుళ్ళు మీ అమ్మకి మంచం దగ్గర బేసిన్ పట్టేది నేను. ఆయన కోపమంతా నా మీదే తీరిపోతోంది కాబట్టి నీ దాకా రావట్లేదు. నీ ఎనిమిదిలో నావి ఎన్ని ఉన్నాయో ఎప్పుడన్నా చూసుకున్నావా?"

నా చెయ్యి లేచింది. తగిలింది. గట్టిగా కాదు.

వదిన చెంప పట్టుకోలేదు. నా వైపు చూసి, "నువ్వు కూడా" అని, మళ్ళీ ఇస్త్రీ చేసింది. ఆ చొక్కా పూర్తయ్యేదాకా చేసింది.

గట్టిగా కాదు. ఎర్రబడలేదు కూడా.

ఆగస్టు 15, శుక్రవారం

వర్క్‌షాప్‌లో జెండా ఎగరేసినారు. లడ్డూ, ఒక సమోసా ఇచ్చినారు. సమోసా వదినకని కాగితంలో చుట్టి తెచ్చినాను.

ఇంట్లో వదిన లేదు. స్టవ్ మీద అన్నం ఉడికిపోయి ఉంది, గంజి వార్చి పెట్టింది. తాళి గోడకున్న మేకుకి తగిలించి ఉంది.

అన్నయ్య టీవీ పగలగొట్టినాడు. నాన్న ఫొటో పగిలింది. తల గోడకేసి కొట్టుకున్నాడు. అమ్మ కాళ్ళు పట్టుకుంటే తన్నినాడు, అమ్మ పక్కకి పడింది. తరవాత నా గొంతు పట్టుకొని గోడకి ఆనించినాడు.

"నీకు తెలుసు. నువ్వే పంపించినావు."

"నాకు తెలీదు."

"ఉద్యోగం తీసుకున్నావు. పెళ్ళాన్ని కూడా తీసుకున్నావు."

గాలి అందలేదు. కాసేపే. వదిలేసినాడు. పట్టుకున్నాడంతే, కొట్టలేదు.

ఆగస్టు 16, శనివారం

గోల్‌బజార్ పోయినాం, నేనూ అన్నయ్యా. వదిన వాళ్ళ నాన్న మమ్మల్ని చూడగానే సగం షట్టర్ కిందికి లాగినాడు. షట్టర్ వెనకాల నుంచే అన్నాడు: "రాలేదు. వచ్చినా ఇదే షట్టరు."

అన్నయ్య ఆ షట్టర్ని తన్ని తన్ని కాలు వాపు తెచ్చుకున్నాడు. రాత్రి నేనే కాపడం పెట్టినాను.

గొంతు దగ్గర నాలుగు వేళ్ళ గుర్తులు. యూనిఫాం కాలర్ బొత్తాం పెట్టుకుంటే కనపడవు.

ఆగస్టు 31, ఆదివారం

వదిన కనపడింది.

తాల్‌బగీచాలో, షాప్‌లో నా తోటి ఆమె ఇంటికి బారసాలకి పోతే, అదే గల్లీలో ఒక బెంగాలీ ముసలావిడ ఇంటి ముందు గదిలో. కుట్టుమిషన్ ముందు కూర్చొని జాకెట్టు కుడుతోంది. నన్ను చూసి లేచి, గల్లీలో అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరని తెలుసుకున్నాకే లోపలికి రమ్మంది.

గదిలో చాప, బకెట్, స్టవ్. ముసలావిడని మాశీమా అంటోంది, మనం పిన్నీ అన్నట్టు. మాశీమా మొగుడు పోయి పాతికేళ్ళయిందట, ఒక్కత్తే ఉంటుందట. నువ్వెవరి భార్యవని అడగకుండా గదిచ్చిందట. నాకు గాజు గ్లాసులో టీ ఇచ్చింది వదిన.

"ఎలాగున్నావు?" అన్నాను.

నవ్వింది. వదిన నవ్వితే పై పన్ను ఒకటి పక్కకి ఉంటుంది. ఆ సంగతి నేను మరిచేపోయినాను.

"పొద్దున్న లేచి ఏం కూర వండాలని ఎవరినీ అడగక్కర్లేదు కళ్యాణీ. మొన్న ఒక రోజు అసలు వండలేదు. మరమరాల్లో ఉల్లిపాయ కలుపుకొని తిని, మిట్టమధ్యాహ్నం పడుకున్నాను. లేచాక భయమేసింది, ఎవరన్నా చూశారేమోనని. ఎవరూ లేరు. మళ్ళీ పడుకున్నాను."

"భయం లేదా, ఒక్కదానివే?"

"భయముంది. అక్కడా ఉండేది. ఇక్కడ భయం తలుపుకి అవతల ఉంటుంది."

వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "ఎవరికీ చెప్పకు."

"నీ మీదొట్టు" అన్నాను.

దారిపొడుగునా నాకు కోపమొచ్చింది. ఎందుకో తెలీదు. మా ఇంట్లో పదిహేను రోజులుగా అంట్లు తోమేది నేను. అమ్మ బేసిన్ పట్టేది నేను. ఆవిడ మిట్టమధ్యాహ్నం పడుకుంటోంది.

సెప్టెంబర్ 14, ఆదివారం

అమ్మ రెండు రోజులుగా అన్నం ముట్టడంలేదు. అన్నయ్య టోటో తియ్యడంలేదు. ఖరీదా రైలు గేటు దగ్గర పట్టాల మీద కూర్చున్నాడని ఎవరో చెప్తే, పోయి తెచ్చుకున్నాను. నా ఒళ్ళో తల పెట్టి చిన్నపిల్లాడిలాగ ఏడ్చినాడు.

"ఒక్కపాలి మాటాడతానే కళ్యాణీ. కాళ్ళు పట్టుకుంటాను. రానంటే వొచ్చెత్తాను. దేవుడి మీద ఒట్టు."

అమ్మ అంది, "నీకు తెల్సునే. నీ మొకంలో కనపడతంది. అన్న సస్తే నీకు సుకమా?"

నాకేటి తెలుసు? నాకేమీ తెలీదు.

సెప్టెంబర్ 16, మంగళవారం

చెప్పినాను. మాట్లాడతానన్నాడు కదా.

సెప్టెంబర్ 25, గురువారం

తొమ్మిది రోజుల తరవాత రాస్తున్నాను. నిన్న నాకు బెయిలొచ్చింది. జ్ఞానరత్నం ఆంటీ జామీను నిలబడింది. మా అమ్మ నిలబడలేదు.

ఉన్నదున్నట్టు రాస్తాను. ఇన్నాళ్ళూ ఈ పుస్తకంలో నేను రాసినవి వెనక్కి తిప్పి చదివినాను. ఎవరికోసం అబద్ధాలాడినానో తెలీడంలేదు. ఇది నేను తప్ప ఎవరూ చదవరు కదా.

పదిహేడున విశ్వకర్మ పూజ. షాప్‌లో మిషన్లన్నిటికీ దండలేసినారు. ఇళ్ళవాళ్ళందరూ లోపలికొచ్చి చూసినారు. మా ఇంట్లోంచి ఎవరూ రాలేదు. ప్రసాదం కిచిడీ డబ్బాలో పెట్టుకొని రెండింటికల్లా ఇంటికొచ్చినాను.

టోటో వాకిట్లో ఉంది. దానికీ బంతిపూల దండేసినాడు. దండ సగం తెగి చక్రంలో చుట్టుకుపోయి ఉంది. వెనక సీటు మీద వెంట్రుకలు. గుప్పెడు.

అమ్మ వరండాలో కూర్చొని ఉంది. కొంగు నోట్లో కుక్కుకొని. "నోపలికి ఎల్లకు" అంది. "మాటాడుకుంతన్నారు."

మాట్లాడుకొనే చప్పుడు కాదది. ముందు తలుపు గడియ వేసి ఉంది. వెనకనుంచి వంటింట్లోకి పోయినాను.

మధ్యగది తలుపు దగ్గర అన్నయ్య మోకాళ్ళ మీద కూర్చొని ఉన్నాడు. వదిన నేల మీద. నోట్లో గుడ్డ. ఒక కన్ను మూసుకుపోయింది. ఆవిడ కుడి చెయ్యి తలుపు బందుల సందులో పెట్టి, మోచేతిని తన మోకాలితో తొక్కి పట్టినాడు. రెండో చేత్తో తలుపు పట్టుకున్నాడు. గొంతు చాలా మెల్లగా ఉంది, పిల్లలకి పాఠం చెప్పినట్టు.

"ఏ చేత్తో కుట్టి బతుకుతావే? ఈ చేత్తోనేనా? ఈ చేత్తోనేనా?"

తలుపు మూసినాడు.

ఎండుకొమ్మ విరిచినట్టు చప్పుడు. వదిన అరవలేదు, నోట్లో గుడ్డుంది కదా. కాళ్ళు మాత్రం నేలకేసి కొట్టుకున్నాయి. మళ్ళీ తలుపు తెరిచినాడు, ఇంకోసారి మూయడానికి.

గట్టు మీద పచ్చడిబండ ఉంది. తీసుకున్నాను. వెనక నుంచి కాలి మీద వేసినాను. పక్కకి పడినాడు. తిరిగి నన్ను చూసినాడు.

"ఒలే, నేనే. అన్నయ్యనే."

"తెలుసు" అన్నాను. మళ్ళీ వేసినాను.

అతను పాకుతా పోతుంటే వేసినాను. చేతులడ్డం పెడితే చేతుల మీద వేసినాను. వద్దు వద్దన్నాడు. వదిన కూడా అదే మాట అంటుండేది, ఆ మాటకి నేను మిక్సీ వేసేదాన్ని. అమ్మ వచ్చి వెనక నుంచి నడుం పట్టుకొని లాగింది. అమ్మని మోచేత్తో పొడిచినాను. అమ్మ పెదవి చిట్లింది. మళ్ళీ వేసినాను. ఎన్నిసార్లో నాకు తెలీదు. అమ్మ పోలీసులకి ఆరు అని చెప్పిందట. డాక్టరు కాలు మూడు చోట్ల విరిగింది అన్నాడు.

రాయకూడనిది ఒకటుంది. రాస్తాను. బాగుంది. వేసిన ప్రతిసారీ బాగుంది. నా బతుకులో అంత హాయి నాకెప్పుడూ లేదు. వదిన కోసం అన్నయ్యని ఆపినానని లాయరుకి చెప్పినాను. మొదటిది వదిన కోసం. మిగతావన్నీ నాకోసం.

అన్నయ్యకి ఉన్నది కూడా ఇదేనా, వైరు పట్టుకొని లెక్కపెడుతున్నప్పుడు?

సెప్టెంబర్ 26, శుక్రవారం

వర్క్‌షాప్ కాగితం వచ్చింది. సస్పెన్షన్. రెండు రోజులు దాటి కస్టడీలో ఉంటే అంతేనట.

డయానా అన్నం తెచ్చింది. నేను తినలేదు, తను వెళ్ళకుండా కూర్చుంది. "నేను ఆ రోజు ఆయన ముందు అడక్కుండా ఉండాల్సిందక్కా. రూలు తెలిసి కూడా అడిగినాను. ఇంకో పన్నెండిళ్ళున్నాయని తొందర."

"నువ్వడిగినావు. ఆయన విన్నాడు. నేను కూడా విన్నాను కదా."

"వదిన పోలీసులకేం చెప్పిందో తెలుసా?"

తెలుసు. లాయరు చదివి వినిపించినాడు. 'నా భర్త నా వేళ్ళు విరగ్గొట్టాడు. ఆమె అతని కాలు విరగ్గొట్టింది. నేనెక్కడున్నానో అతనికి చెప్పింది కూడా ఆమే.' ఒక్క ముక్క ఎక్కువ లేదు, ఒక్క ముక్క తక్కువ లేదు.

"నార్వేలో కొట్టుకోరేటి?" అనడిగినాను.

"కొడతారక్కా. మా హాస్టల్లో నా పక్కగది అమ్మాయి అలాగే వచ్చింది, కన్ను కమిలిపోయి. దేశం మారితే చేతులు మారవు. కానీ ఆమెకి గదిచ్చేటప్పుడు నువ్వెవరి కూతురివి, ఎవరి పెళ్ళానివి అని ఎవరూ అడగలేదు. ఎక్కడుందో ఎవరికీ చెప్పలేదు."

ఆఖరి మాట అన్నాక నాలిక కరుచుకుంది. నన్ననాలని అనలేదు.

అనాలి కదా ఎవరో ఒకరు.

అక్టోబర్ 5, ఆదివారం

అప్పలస్వామి మావయ్య పలాస నుంచి వచ్చినాడు. అమ్మ తమ్ముడు. అన్నయ్యకి ఆసుపత్రిలోనే బెయిలొచ్చింది, కట్టుతో ఇంటికి తెచ్చినారు. మధ్యగదిలో పడుకోబెట్టినారు. నన్ను చూస్తే గోడవైపు తిరుగుతాడు. అమ్మ నాకు అన్నం పెట్టదు, నేను పెడితే తినదు.

మావయ్య రాజీ తెచ్చినాడు. కన్యకాంబ మాట మార్చి, గాలికి తలుపు పడి వేళ్ళు నలిగినాయి అని రాసివ్వాలి. అన్నయ్య, మెట్ల మీంచి జారినాను అని రాసిస్తాడు. రెండు కేసులూ నీరుగారిపోతాయి. ఆవిడ తాల్‌బగీచాలోనే ఉండొచ్చు, అన్నయ్య జోలికి పోడు.

"నీకు సిచ్చ పడితే ఉజ్జోగం పోద్ది" అన్నాడు మావయ్య. "ఉజ్జోగం పోతే కోటరు పోద్ది. మీ యమ్మ ఏ సెట్టు కింద ఉంటాది? ఆ పిల్లకి మొగుడెలాగూ వొద్దు. ఒక్క సంతకం. నువ్వెల్లి అడుగు, నీ మాట ఇంటాది. దాని కోసమే కదా ఇంత సేసినావు."

మధ్యగదిలోంచి అన్నయ్య అన్నాడు. పదిహేడో తారీకు తరవాత నాతో అన్న మొదటి మాట. "దాని సంగతి తరవాత సూసుకుంతాను. ముందు సంతకం తే."

మావయ్య దగ్గినాడు, వినపడనట్టు.

నాకూ వినపడనట్టే ఉన్నాను. వెళ్తానన్నాను.

అక్టోబర్ 7, మంగళవారం

వెళ్ళలేదు.

అక్టోబర్ 9, గురువారం

వెళ్ళినాను.

మాశీమా గుమ్మంలోనే ఆపేసింది. "కే తుమి?" అని నువ్వెవరన్నట్టు అడిగింది, నన్నెరిగుండీ. లోపల్నుంచి వదిన రమ్మంటేనే పక్కకి జరిగింది. చేతిలో కత్తిపీట ఉంది, చేప కోస్తూ అలాగే లేచి వచ్చింది. అది కింద పెట్టలేదు.

వదిన కుడిచేతికి మూడు వేళ్ళలో ఎముకలు అతకడానికి తీగలు గుచ్చి ఉన్నాయి. ఎడంచేత్తో ఒక పాత గుడ్డ మీద సూదితో కుట్లేస్తోంది, వంకరటింకరగా, ఒకటో తరగతి పిల్లల అక్షరాల్లాగ.

మావయ్య ఇచ్చిన కాగితం నా సంచీలో ఉంది. ఏం చెప్పాలో దారంతా అనుకుంటా వచ్చినాను. ఉద్యోగం, అమ్మ, ఇల్లు. అన్నీ నిజాలే.

వదినే ముందు మాట్లాడింది. "రాజీ కాగితమా?"

"అవును."

"మొన్న మీ మావయ్య నా దగ్గరికి కూడా వచ్చాడు. మాశీమా తరిమేసింది." సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టింది. "నీ ఉద్యోగం పోతుందట కదా."

"శిక్ష పడితే."

"చూడు. నువ్వు నన్ను పట్టించావు. నువ్వే నన్ను విడిపించావు. రెండూ కలిపి నీకు ఏం బాకీనో నాకు లెక్క తెలీదు. నువ్వు పెట్టమంటే పెడతాను. నా వల్ల నీ అన్నం పోయిందన్న మాట నేను మొయ్యలేను. కానీ ఆ మాట నీ నోటితో అను. పెట్టు అని."

కాగితం తీసినాను. పెన్ను తీసినాను. వదిన ఎడంచెయ్యి చాపింది. అన్నయ్య మెల్లని గొంతు నా చెవిలో ఉంది. దాని సంగతి తరవాత సూసుకుంతాను.

"మొన్న ఇంట్లో అన్నయ్య ఒక మాటన్నాడు" అన్నాను. ఆ మాట చెప్పినాను. మావయ్య దగ్గినది కూడా చెప్పినాను. "పెట్టకు వదినా."

"తరవాత నన్ను తిట్టుకుంటావు."

"తిట్టుకుంటాను. అయినా పెట్టకు. కోర్టులో నన్నడిగితే నేను ఆరేళ్ళుగా విన్నవన్నీ చెప్తాను. నేను కొట్టింది కూడా చెప్తాను."

"నన్ను కొట్టింది?"

"అది కూడా."

వదిన కాగితం నా చేతిలోంచి తీసి పక్కన పెట్టింది. దగ్గరికి తీసుకుంటుందేమోనని అనుకున్నాను. తీసుకోలేదు.

"నీ మీద కోపం పోలేదు కళ్యాణీ."

"పోనవసరం లేదు."

"నీతో కలిసి ఉండమని అడగకు. మీ ఇంట్లోనే కాదు, ఏ ఇంట్లోనూ. నాకు ఎవరితోనూ ఉండాలని లేదు. అది నీకు తప్పుగా అనిపించొచ్చు."

"లేదు" అన్నాను. నిజంగానే అనిపించలేదు. అసూయ మాత్రం వేసింది.

మాశీమా కత్తిపీట కింద పెట్టి, నన్ను తినిపొమ్మంది. చేపపులుసు, అన్నం. వదిన ఎడంచేత్తో ముద్ద కలుపుకుంటుంటే సగం కిందపడింది. కలిపి పెట్టబోయినాను. వద్దంది. కిందపడిన మెతుకులు ఒక్కొక్కటీ ఏరుకొని తింది.

అక్టోబర్ 12, ఆదివారం

ఇంట్లో చెప్పేసినాను. "ఆవిడ సంతకం పెట్టదు. నేనే పెట్టొద్దన్నాను."

మావయ్య తల పట్టుకున్నాడు. అమ్మ లేచి వచ్చి నా చెంప మీద కొట్టింది. ఇంకోటి కొట్టింది. అమ్మ చెయ్యి ముసలిదైనా బరువుగానే ఉంది. చెవి గింగురుమంది. నా చెయ్యి లేచింది. నాకు తెలిసే లేచింది. దాన్ని నా రెండో చేత్తో పట్టుకొని వెనక్కి పెట్టుకున్నాను. అమ్మ అది చూసింది. చూసి భయపడింది. నా కన్నతల్లి నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆ దెబ్బే నాకు తగిలింది.

"కొట్టనమ్మా" అన్నాను. "ఇంకెవర్నీ కొట్టను."

"నమ్మకం నేదు" అంది అమ్మ.

అన్నయ్యతో కూడా చెప్పినాను, గుమ్మంలో నిలబడి. "ఈ ఇల్లు నా పేరు మీద ఉంది. ఉన్నన్నాళ్ళు నువ్విందులో ఉండకూడదు." వదిన జూలైలో అడిగిన మాట అది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు చెప్పడానికి.

చేతికందిన మంచినీళ్ళ చెంబు విసిరినాడు. భుజానికి తగిలింది. ఇంకోటి విసరడానికి దగ్గర్లో ఏమీ లేదు.

అక్టోబర్ 13, సోమవారం

మావయ్య, అన్నయ్య, అమ్మ మధ్యాహ్నం బండికి పలాస వెళ్ళిపోయినారు. అన్నయ్యని నలుగురు పట్టి ఎక్కించినారు. కేసు వాయిదాలకి వస్తాడు. అమ్మ మాత్రల డబ్బా నేను సర్ది ఇచ్చినాను. తీసుకుంది. రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి, "పాలోడికి సెప్పు, ఒక్క పేకిట్టే ఎయ్యమని" అంది. ఇంకేమీ అనలేదు.

ఇంటికొచ్చి మధ్యగది కడిగినాను. తలుపు బందుల దగ్గర ఎండిపోయిన రక్తం గోరుతో గీకితే వచ్చింది. లాయరుకి ఫోన్ చేసి, నా స్టేట్‌మెంట్ ఎప్పుడు రాయించాలో అడిగినాను. ఎల్లుండి మేదినీపూర్ కోర్టుకి రమ్మన్నాడు. ఉద్యోగం మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు.

సంతోషంగా ఉందా అంటే లేదు. చెవి నొప్పిగా ఉంది. భుజం కమిలింది. అమ్మ గుర్తొచ్చింది. ఒక్కదానికి ఎంత బియ్యం పొయ్యాలో తెలీక ఎక్కువ పోసేసినాను, గిన్నెలో మిగిలిపోయింది.

ఈ ఇంట్లో ఇవాళ ఎవరూ ఎవరినీ కొట్టలేదు.